చిన్న గేటు బ్యాట్స్‌మన్

నా చిన్నప్పుడు, మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరొంచలో క్రికెట్ ఆడేవాళ్ళు రెండు రకాలు. సరదాకి ఆడేవాళ్ళు కొందరు, కూలికి ఆడేవాడు ఒక్కడు. ఆ ఒక్కడు మా బాపు, నన్ను కన్న తండ్రి. ఇప్పుడు మా మనవడు టీవీ ముందు కూర్చుని, ఫలానా ఇంగ్లండ్ ఆటగాణ్ణి ఇన్ని కోట్లకు కొన్నారని చెబుతుంటే నాకు నవ్వూ రాదు, ఏడుపూ రాదు. లేచి వంటింట్లోకి పోతాను. నానమ్మకు ఆట తెలియదని వాడనుకుంటాడు. అనుకోనీ.

మాకు సెంటు భూమి లేదు. బాపు ఊరి భూస్వామి అయిన పటేలు పొలాల్లో పనిచేసేవాడు. పెళ్ళికి ముందు కొన్నేళ్ళు అటవీ శాఖ బంగ్లాలో బండి తోలాడు. అక్కడి ఇంగ్లీషు ఆఫీసరుకు సాయంత్రాలు బంతి వేయడానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది. బంతి వేస్తూ, ఆ దొర అలిసిపోయి కుర్చీలో కూలబడ్డాక తనే బ్యాటు పట్టి చూస్తూ, బాపు ఆట నేర్చుకున్నాడు.

ఏటా వరికోతలయ్యాక ప్రాణహిత ఒడ్డున, కోసిన మడిలో, పటేలు జట్టుకూ నది అవతల నుంచి పడవలో వచ్చే జట్టుకూ పోటీ జరిగేది. పటేలు కొడుకే కెప్టెన్. మిగతావాళ్ళంతా నాగపూర్‌లో చదివే అతని స్నేహితులు. గెలవాలి కాబట్టి బాపుకు కబురు వచ్చేది, ఆ రోజుకు కూలి, ఒక పూట భోజనం. కాళ్ళకు కట్టుకునే ప్యాడ్లు పటేలు కొడుక్కే ఉండేవి. బాపు ఒట్టి కాళ్ళతో నిలబడేవాడు. బ్యాటు ఆయన చేతికిచ్చేది ఆడేటప్పుడే. ఆట కాగానే తీసుకుని, నీళ్ళు చల్లి లోపల పెట్టేవారు.

నా తొమ్మిదో ఏట ఏడ్చి గోల చేసి మొదటిసారి బాపు వెంట వెళ్ళాను. ఆ రోజు ఆయన ఆడిన ఆట నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. అవతలివాళ్ళు మనిషి తర్వాత మనిషిని మార్చి బంతి వేయించారు. బంతి రెండుసార్లు నదిలో పడింది. ఈతగాళ్ళు దిగి తెచ్చారు. పటేలు జట్టు గెలిచింది. నేను ఎవరి బిడ్డనో కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుంటూ తిరిగాను. అబ్బో, నా మిడిసిపాటు ఇంతా అంతా కాదు!

ఆ తర్వాత భోజనాలు. జట్టంతా పటేలు ఇంటి అరుగుమీద వరసగా కూర్చుంది. ఓడిపోయినవాళ్ళూ అక్కడే కూర్చున్నారు. బాపు మాత్రం నన్ను చెయ్యి పట్టుకుని ఇంటి పక్కకు, బర్రెల కొట్టం దగ్గరికి తీసుకెళ్ళి నేలమీద చతికిలబడ్డాడు. అది ఆయనకు అలవాటైన చోటని ఆ కూర్చున్న తీరులోనే తెలిసింది. ఎవరో వచ్చి మోదుగాకు విస్తట్లో ఎత్తునుంచి అన్నం, కూర వేసి పోయారు. నేను గొంతెత్తి అడిగాను.

"బాపూ, గెలిపిచ్చింది నువ్వే గదా, మనమెందుకు ఈడ కూసున్నం?"

అరుగుమీదివాళ్ళు మా వైపు తిరిగి చూశారు. బాపు తలెత్తలేదు. తన విస్తరి ఖాళీ చేసి, నేను ముట్టని విస్తరి మడిచి పట్టుకుని లేచాడు.

ఇంటికి నడుస్తూ ఒక కథ చెప్పాడు. ఆ ఇంగ్లీషు ఆఫీసరు వచ్చీరాని హిందీలో చెబితే తను విన్న కథ. వాళ్ళ దేశంలో ఒక బ్యాట్స్‌మన్ ఉండేవాడట. బొగ్గుగని కూలీ కొడుకు. తనూ చిన్నతనంలోనే గనిలోకి దిగినవాడు. ఆట చూసి వాళ్ళ జిల్లా జట్టువాళ్ళు జీతానికి పెట్టుకున్నారు. ఇరవై ఏళ్ళు అందరికంటే ముందు బ్యాటింగుకు దిగింది ఆయనే. వానకు తడిసిన నేలమీద మిగతావాళ్ళు వచ్చిన దారినే పోతుంటే, ఆయన పొద్దుగూకేదాకా నిలబడేవాడట.

కానీ మైదానానికి రెండు గేట్లు. జీతం తీసుకోకుండా ఆడే దొరబిడ్డలకు పెద్ద గేటు, జీతగాళ్ళకు పక్కన చిన్న గేటు. బట్టలు మార్చుకునే గదులు వేరు. పైఊళ్ళకు పోతే బస వేరు. బ్యాటు సరిగా పట్టుకోరాకపోయినా కెప్టెన్ మాత్రం దొరబిడ్డే. ఇద్దరూ కలిసి ఆడి గెలిపించి వస్తున్నా, మైదానం దాటాక ఎవరి గేటు వాళ్ళది. చలికాలం ఆటా ఉండదు, జీతమూ ఉండదు, మళ్ళీ గనికే పోవాలి. దేశం జట్టులో నాలుగైదుసార్లు ఆడించి, ఒకసారి తడబడగానే పక్కన పెట్టారు. చివరికి మోకాళ్ళు అరిగాక ఆయన పేరున మూడు రోజుల ఆట ఒకటి పెట్టి, టిక్కెట్ల మీద వచ్చిందంతా నీదే అన్నారు. మూడు రోజులూ వాన కురిసింది. ముసలితనంలో ఒక పెద్ద బడి మైదానంలో నేల చదును చేసే రోలరు లాగే పనికి కుదిరాడు. ఆ ఆఫీసరు చదివింది ఆ బడిలోనే. ఆయన ఈ కథంతా నవ్వుకుంటూ చెప్పాడట.

"మరి ఆ ఆటగాడు ఏమన్లేదా బాపూ?"

"ఏమంటడు బిడ్డా? పిలిచినప్పుడల్లా పోయిండు."

"నేనైతే పోను."

"పోకుంటే తిండెట్ల?"

"తిండి లేకుంటే లేకపాయె," అన్నాను. ఆ మధ్యాహ్నం అన్నం ముట్టని కోపం నాది.

నన్ను ఊరడించడానికే ఆయన ఆ కథ ఎత్తుకున్నాడని ఇప్పుడు తెలుసు. అంతటి ఆటగాడికే అట్లా జరిగింది, మనమెంత అని చెప్పబోయాడు. నేను మాట పూర్తిచేయనివ్వలేదు.

మరుసటి ఏడు కోతలయ్యాక పటేలు మనిషి మా వాకిట్లోకి వచ్చాడు. బాపు జ్వరమని చెప్పొచ్చు, నడుం నొప్పి అనొచ్చు, కానీ అట్లా అనలేదు. "నేను రాను, పటేలుకు చెప్పు," అన్నాడు, అంతే. మా అమ్మ నెత్తి కొట్టుకుంది. "నీకేమన్న పిచ్చి లేసిందా? గా పిల్ల మాట పట్టుకోని నోటికాడి బువ్వ తన్నుకుంటవా?" అని అరిచింది. అమ్మ అన్నట్టే అయింది. ఆ వానాకాలం నాట్లకు మమ్మల్ని పటేలు పిలవలేదు. పటేలును చూసి మిగతా రైతులూ పిలవలేదు. ఒక్కపూట గంజితో పడుకున్న రోజులున్నాయి. ఆకలి అనడానికి నాకు నోరు రాలేదు. లేకుంటే లేకపాయె అన్నది నేనే కదా.

వానలు తగ్గాక బాపు వెదురు నరికే పనికి ఏటపల్లి అడవుల్లోకి పోయాడు. రెండు నెలలకు, ఎడమ చేతికి గుడ్డ చుట్టుకుని బస్సు దిగాడు. గొడ్డలి జారి రెండు వేళ్ళు పోయాయి. బ్యాటు పిడి పైన గట్టిగా పట్టే చెయ్యి అదే. ఆ తర్వాత ఆయన ఆడలేదు సరికదా, ఆట జరిగే రోజున నది వైపుకే పోలేదు.

చాలా రోజులు భయపడి, చివరికి ఒకనాడు ఆయన పక్కన కూర్చుని, "నేనట్ల అనకుంటే బాగుండె బాపూ," అన్నాను. ఏడుపు ఆగలేదు. ఆయన ఆ మిగిలిన మూడు వేళ్ళతో నా తల నిమిరాడు.

"ఇన్నేండ్లు ఆ కొట్టం కాడనే కూసోని తిన్న బిడ్డా. నువ్వు చూసినంక ఇగ బువ్వ దిగలే."

నన్ను మరాఠీ బడిలో చదివించాడు. నేను టీచరునై అహేరి దగ్గర నాగేపల్లిలో చాలా ఏళ్ళు పనిచేశాను. ఆ దేశంలో ఆ రెండు గేట్ల పద్ధతి ఎప్పుడో పోయిందని ఎక్కడో చదివాను. బాపుకు చెబుదామంటే అప్పటికి ఆయన లేడు. ఇప్పుడు నన్ను భోజనానికి పిలిచేవాళ్ళు మర్యాదస్తులు, టీచరమ్మా అంటూ నడిమింట్లో కూర్చోబెట్టి, కొసరి కొసరి వడ్డిస్తారు. అయినా విస్తరి ముందు కూర్చోగానే, ఈ ఇంటి పక్కన ఇంకెవరైనా కూర్చుని తింటున్నారేమోనని నా తల అటు తిరుగుతుంది. చూసుకున్నాకే మొదటి ముద్ద ఎత్తుతాను.