నేను వేసిన ముడి

పెద్ద యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు మమ్మల్ని సముద్రం అవతల, పహాంగ్ అడవుల లోపలి ఒక సరస్సుకు పంపారు. నది మీద నాలుగు రోజులు. ఐదో రోజు ఉదయం తొమ్మిదింటికి, వానలో చేరాం. హవల్దారు, దుబాసీ, నేను, ఇంకో ముగ్గురు సిపాయిలు. సర్వే దొర వచ్చేలోగా అక్కడి ఇళ్లు చూసి రమ్మని ఆజ్ఞ.

ఇళ్లు నేల మీద లేవు. ఆ జనం నీళ్ల మీదే రెల్లు కట్టలు అడ్డంగా, నిలువుగా పరిచి దీవులు చేసుకున్నారు. అడుగున కుళ్లేకొద్దీ పైన కొత్తది పరుస్తారు. బూటు చీలమండ దాకా దిగేది.

"ఏట్రా ఇది, తడిసిన పరుపు మీద నడిసినట్టుంది," అన్నాడు హవల్దారు. ఆయనది శ్రీకాకుళం వైపు.

"మెల్లగా లా, మావా! నీ బొజ్జకి దీవి మునిగిపోద్ది," అన్నాడు దుబాసీ. ఆ దేశంలోనే, బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో పుట్టిన తెలుగువాడు; మాటకు అక్కడి 'లా' తగిలించేవాడు.

రెండో రోజు గాలికి ఒక దీవి అంచు తెగింది. జనం పడవల్లో వెళ్లి లాక్కొచ్చి కట్టుకున్నారు. ఒడ్డు నుంచి చూశాం.

మూడో రోజు ఉదయం ఆరున్నరకు చివరి దీవి నుంచి చాపంత ముక్క కొట్టుకుపోతోంది. దాని మీద చిన్న చాప, కొబ్బరి చిప్ప. దుబాసీ జ్వరంతో గుడారంలో ఉన్నాడు. హవల్దారూ నేనూ అరగంట తెడ్లు వేసి దాన్ని పట్టుకున్నాం. ఆ దీవి మీది ఇంటి గుమ్మం ముందే కట్టాం. ముడి నేనే వేశాను. గుమ్మంలో ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. మేము నవ్వాం. ఆమె నవ్వలేదు.

మధ్యాహ్నం జ్వరం తగ్గి దుబాసీ వచ్చాడు. ముడి చూసి ఆగిపోయాడు.

"ఏటి సేసినారు మావా? ఈవిడ కూతురు పోయింది. పిల్ల పడుకున్న చోటు తల్లే కోసి నీళ్లకి వదిలేస్తాది. కంటికి కనబడకుండా పోతేనే బిడ్డ దారి పట్టినట్టు. ఎనక్కొస్తే దారి తప్పినట్టే."

హవల్దారు టోపీ తీశాడు. "ఇప్పెయ్‌రా," అన్నాడు.

తాడు తడిసి బిగిసింది. ముడి రాలేదు. బాకు తీశాను. ఆమె నా చెయ్యి పక్కకు నెట్టి, తన రెల్లు కత్తితో తనే కోసింది. రెండోసారి.

గాలి లేదు. ముక్క గుమ్మం ముందే నిలిచింది. ఆమె అరచేత్తో నెట్టింది. కొంచెం పోయి తిరిగొచ్చింది. మళ్లీ నెట్టింది. మా పడవతో దూరంగా తీసుకెళ్తామని అడిగించాం. తల అడ్డంగా ఊపింది, వద్దని.

నాలుగింటికి తిరుగు ప్రయాణం. ఆజ్ఞ. ముక్క అక్కడే ఉండగా వచ్చేశాం. తర్వాత ఏమైందో తెలియదు.

ఇంటికి చేరాక అందరూ ఏమేం చూశావని అడిగారు. వానలు, జలగలు చెప్పాను. చాలా ఏళ్లకు మా చిన్నమ్మాయి పోయింది. దాని చాప తీసెయ్యమని ఇంట్లో ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. ఆ చాప చూసినప్పుడల్లా అదే కనిపిస్తుంది: గాలి లేని నీళ్లు, రెల్లు అంచు మీద ఆ అరచెయ్యి.