మామ కెమెరాకు కుట్టించిన అంగీ

తెలంగాణ వచ్చిన కొత్తలో మా కల్వకుర్తిలో ఏ వస్తువు కొన్నా దాని కవరు విప్పడానికి ఎవరికీ మనసొప్పేది కాదు. టీవీ రిమోటు ప్లాస్టిక్ కవరులోనే ముసలిదయ్యేది. బండి సీటు మీది పాలిథిన్ ఎండకు పేలికలైనా దాని మీదే కూర్చుని, చెమటకు అతుక్కుపోయి, లేచేటప్పుడు చర్రుమని చప్పుడు చేసేవాళ్లం. ఈ జబ్బు అందరికీ ఎంతో కొంత ఉన్నదే గానీ మా మేనమామకు మాత్రం బాగా ముదిరిపోయింది. ఆయనకు బస్టాండు దగ్గర ఫోటో స్టూడియో ఉండేది. డిగ్రీ తప్పి ఊరి మీద తిరుగుతున్న నన్ను మా అమ్మ తీసుకుపోయి, పని నేర్పమని తమ్ముడికి అప్పజెప్పింది. ఆయన నాకు మొదట నేర్పిన పని కెమెరాను ముట్టుకోకుండా ఉండడం.

ఆ కెమెరా కొన్ననాడే మామ దాన్ని టైలరు దగ్గరికి తీసుకుపోయాడు. (నిజంగానే కొలతలు ఇప్పించాడు. టైలరు ఛాతీ ఎక్కడని అడిగాడట.) పైన రెగ్జిను, లోపల మెత్తగా ఉండాలని పాత లుంగీ గుడ్డ వేయించి, దానికి అంగీ కుట్టించాడు. లెన్సుకు ఒక కంత, మీట నొక్కే వేలికి ఒక కంత, వెనక తెర కనిపించడానికి ఒక కిటికీ, బ్యాటరీ మార్చడానికి అడుగున గుండీలు. ఆ అంగీ తొడిగాక అది కెమెరాలా కాక, చలికాలంలో చెవులకు గుడ్డ కట్టుకున్న ముసలాయనలా ఉండేది. పెండ్లికి పోయిన చోటల్లా పిల్లలు వచ్చి దాన్ని వేలితో పొడిచి చూసేవాళ్లు. సిగ్గుతో చచ్చేది నేను, మామ కాదు.

"పనిచేసే వస్తువన్నంక గీతలు పడయా మామా" అంటే ఆయనకు కోపం వచ్చేది.

"పనిచేస్తే గీతలు పడాల్నని ఎవడు చెప్పిండ్రా? నేను పనిచేస్తలేనా? నా మొకం మీద ఏమన్న గీతలున్నయా?" (ఉన్నాయి. జీతం ఇచ్చే మనిషి కాబట్టి నేను మాట్లాడలేదు.) "రంగు పోయిన కెమెరా పట్టుకపోతే, గీనికే గతి లేదు, మన పెండ్లేం తీస్తడు అంటరు. నీకేం ఎరుక."

నల్గొండ నుంచి వచ్చే ఒక ఫోటోగ్రాఫరు కెమెరాకు మూలలన్నీ అరిగి లోపలి లోహం బయటపడి ఉండేది. అయినా ఆయన తీసిన ఫోటోలు చూస్తే నాకు కడుపు మండిపోయేది. ఆ మాట మామతో అని ప్రయోజనం లేదు.

ఇంతలో మా అక్క పెండ్లి కుదిరింది. మేనకోడలి పెండ్లి తాను తప్ప ఇంకెవరూ తీయడానికి వీల్లేదన్నాడు మామ. ముందు రోజు అంగీని తిప్పి తిప్పి చూసి, గుండీలు లోపల రాసుకుని గీత పడుతుందేమోనని అనుమానం తెచ్చుకున్నాడు. పైగా తలంబ్రాల బియ్యం, పసుపు సందుల్లో దూరుతాయి. అందుకని గుండీలు పీకేసి, దబ్బనం తెచ్చి, అడుగుభాగం మొత్తం గట్టి దారంతో కుట్టేశాడు.

"బ్యాటరీ అయిపోతే ఎట్ల మామా?"

"నిండ ఛార్జింగ్ పెట్టిన. ఏం ఫికర్ లేదు."

ఫికర్ లేదన్న మనిషి పొద్దుటి నుంచీ కనిపించినవన్నీ తీశాడు. కుమ్మరింటి నుంచి పెండ్లి కుండలు, అవే ఐరేని కుండలు, తెచ్చేటప్పుడు తీశాడు, వంటవాళ్లను తీశాడు, పందిరి కింద పడుకున్న కుక్కను కూడా తీశాడు. తీరా అయ్యగారు పుస్తెలు బావ చేతికిచ్చి, బ్యాండువాళ్లు ఒక్కసారిగా అందుకున్నాక, కెమెరా కళ్లు మూసింది.

నా జేబులో ఇంకో బ్యాటరీ ఉంది. పెట్టడానికే దారి లేదు. పరుగెత్తి వంటవాళ్ల దగ్గర కత్తి పట్టుకొచ్చాను. మామ నా చేయి నెట్టేశాడు.

"కత్తి పెడ్తవారా దానికి? గీత పడ్తది."

"అక్క పెండ్లి పోతాంది మామా. గీత పడితే పడనీ."

ఆయన వినలేదు. మండపం వెనక గొంతుక్కూర్చుని, పండ్లతో ఒక్కొక్క కుట్టు తెంపడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆఖరి కుట్టు తెంపి ఆయన లేచేసరికి ముడులు పడ్డాయి, అక్షింతలు పడ్డాయి, మా అమ్మ కళ్లు తుడుచుకోవడం కూడా అయిపోయింది.

"అల్లుడా, జర మల్లొక్కసారి కడ్తవా?" అని మామ బావను అడిగాడు.

ముందు వరసలో ఉన్న అవ్వ, అంటే మామ కన్నతల్లి, లేచి నిలబడింది. "కట్టిన పుస్తె విప్పి మల్ల కడ్తరురా? కెమెరకు అంగీ తొడిగినోనివి, నీ తెలివికేం తొడిగినవ్ రా?"

అక్క మొహం చిన్నబోయింది. "మామా, నా పుస్తె కట్టిన ఫోటో లేదా?" అంది మెల్లగా. మామ కెమెరా కిందికి దించాడు. ఎత్తుకుని పెంచిన పిల్ల అది. ఆయన అట్లా నిలబడిపోవడం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

చివరికి ముడి ముట్టకుండా, బావ చేతులు మాత్రం అక్క మెడ వెనక పెట్టడానికి అవ్వ ఒప్పుకుంది. మామ కెమెరా ఎత్తాడు. ఆయన మీసంలో ఇరుక్కున్న దారం గాలికి ఊగుతోంది. అది చూసి అక్క పకపకా నవ్వింది. అప్పుడే మీట నొక్కాడు. ఆ ఫోటోలో బావ కట్టినట్టు నటిస్తున్నాడు, అక్క నోరంతా తెరిచి నవ్వుతోంది, అవ్వ కెమెరా వైపు కొరకొరా చూస్తోంది, పక్కన నేను కూరగాయల కత్తి పట్టుకుని ఉన్నాను. మహబూబ్‌నగర్‌లో అక్క ఇంటి గోడకు ఈనాటికీ అదే ఉంది. చుట్టాలు ఎవరొచ్చినా కత్తి పిల్లగాడెవరని అడుగుతారు.

కొన్నేళ్లకు ఆ కెమెరా పనిచేయడం మానేసింది. మామ స్టూడియో నాకప్పగిస్తూ అంగీ విప్పమన్నాడు. విప్పితే లోపల కొత్త కెమెరా. ఒక్క గీత లేదు, అక్షరాలు తెల్లగా మెరుస్తున్నాయి. నెగ్గినట్టు చూస్తాడనుకున్నాను. ఆయన దాన్ని చేతుల్లో అటూ ఇటూ తిప్పి, "గిది నాది కాదురా. ఎవలదో ఉన్నట్టుంది" అని బల్ల మీద పెట్టేశాడు. తర్వాత అంగీ అందుకున్నాడు. బొటనవేలు ఆనేచోట రెగ్జిను అరిగిపోయి లుంగీ గళ్లు బయటపడ్డాయి. మామ అక్కడ వేలు పెట్టి చూసుకున్నాడు. సరిగ్గా పట్టింది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు. ఇన్నేళ్లు దాచుకున్న కోపం అప్పుడు తీర్చుకుందామన్నా నాకు రాలేదు.

మొన్న మక్తల్‌లో ఒక పెండ్లిలో నా కొత్త కెమెరా స్తంభానికి తగిలి మొదటి గీత పడింది. పనిచేసే వస్తువన్నాక పడవా అని నాకు నేనే చెప్పుకుని, అన్నం సహించక, మామకు ఫోన్ చేశాను.

"మామా, ఆ టైలరు ఇంకా కుడుతున్నడా?"

అవతల నవ్వుతున్నాడని నాకు తెలుసు.

"కుడ్తడు గానీ, అడుగున గుండీలే పెట్టియ్యిరా" అన్నాడు.