ట్రక్కు వెనక నిలబడి

ఈ ఉదయం మా ఆయన ట్రాక్టరుతో వరి మోపుల ట్రక్కును కళ్లంలోకి వెనక్కి తెస్తుంటే, "రా బావా, రా... ఆపు!" అని గట్టిగా అరిచాను. ఆ ఇంజను పొగ వాసనకు చిన్నప్పటి రోజొకటి గుర్తొచ్చింది. మీరూ అలా ట్రక్కు వెనక నిలబడి దారి చూపించారా?

అప్పుడు ట్రాక్టరు మీద మా నాన్న, ట్రక్కు వెనక నేను. కళ్లం నిండా కోతకొచ్చిన మగవాళ్లు. వాళ్ల ముందు ఆపమని అరవడానికి సిగ్గుపడ్డాను. నాయనమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న నీళ్ల గోలెం చక్రం కింద పడి ముక్కలైంది.

"ఒసే, నోట్లో ఏటెట్టుకున్నావే?" అంది నాయనమ్మ.

"పిల్ల అరిసిందమ్మా. ఇంజను సప్పుడికి నాకే ఇనబడలేదు" అన్నాడు నాన్న.

కోతలయ్యేదాకా నాయనమ్మ నాన్నతో మాట్లాడలేదు. ఆ రోజు అరవలేదని నేను ఆవిడకు చెప్పనే లేదు. ఇప్పుడు చెబుదామన్నా ఆవిడ లేదు.