మామ డబుల్ బ్యారల్

ఆ రోజుల్లో మనిషికో పిచ్చి ఉండేది. గోదావరిఖనిలో మా కాలనీ కుర్రాళ్లలో ఒకడికి క్రికెట్టు, ఒకడికి సినిమాలు, ఇంకొకడికి ఎదురు క్వార్టర్ అమ్మాయి. నాకు తుపాకులు. ఎందుకని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. ఏ గొట్టం ఎంత పొడవు, ఏ తూటా ఎంత దూరం పోతుంది, ఏ దేశం సైన్యం ఏది మోస్తుంది, అన్నీ నోటికొచ్చు. (ఇంటర్లో ఫిజిక్సు మాత్రం తప్పాను.) పేపర్లో తుపాకీ బొమ్మ కనబడితే కత్తిరించి ట్రంకుపెట్టెలో దాచేవాణ్ని. అసలే మా ప్రాంతంలో నక్సలైట్లకూ పోలీసులకూ నడుమ తుపాకీ మాట పైకి అనడానికే జనం జంకే కాలం. ఒకరోజు హోటల్లో చాయ్ తాగుతూ పిస్తోలుకూ రివాల్వరుకూ తేడా విడమరిచి చెబుతుంటే, పక్క బల్ల దగ్గరి మనిషి మఫ్టీలో ఉన్న కానిస్టేబులని తేలింది. ఆయన నా పేరూ మా నాయన పేరూ అడిగి, "మంచిగ ఇంటికి పో" అని వదిలేశాడు. సంగతి తెలిసిన అమ్మ నా ట్రంకుపెట్టెను బొగ్గుల పొయ్యి ముందు బోర్లించింది. ఆ పూట మా ఇంట్లో అన్నం నా బొమ్మల మీదే ఉడికింది.

ఇంత పిచ్చి ఉండీ అప్పటిదాకా ఒక్క తుపాకీని ముట్టుకున్న పాపాన పోలేదు. తర్వాత నాయన నౌకరీ వారసత్వంగా నాకొచ్చి బొగ్గు బాయిలో దిగాను. ట్రైనింగ్ అయి కొన్నాళ్లు గడిచాయో లేదో, మా బావ (అక్క మొగుడు) పెద్దపల్లి దగ్గరి ఊళ్లో ఒక సంబంధం తెచ్చాడు. "పిల్ల బంగారం. నాయిన మిల్ట్రీల చేసి వచ్చిండు. ఇంట్ల లైసెన్సు తుపాకి గూడ ఉన్నదట" అన్నాడు. "నాకిష్టమే" అన్నాను. "పిల్లను సూడకుండనే?" అని అమ్మ నోరు తెరిచింది. "ఒక గొట్టమా, రెండు గొట్టాలా బావా?" అని నేను. అమ్మ నెత్తి కొట్టుకుంది.

చిక్కల్లా పిల్ల తల్లితో. ఆమె తమ్ముడు బాయిలో పైకప్పు కూలి కాలు పోగొట్టుకున్నాడు. "బాయిల పనిచేసేటోనికి నా బిడ్డనియ్య" అన్న మాట, మేం గడప దాటకముందే లోపలినుంచి వినబడింది. "నోరు మూసుకొని కూసో. ఆమెను మెప్పియ్యాలె" అని బావ నా చెవిలో అన్నాడు. కానీ నా కుర్చీకి ఎదురుగా గోడ మీద, బట్టల దండెం పక్కన, రెండు గొట్టాల తుపాకీ వేలాడుతోంది. నోరెలా మూసుకుంటాను? పిల్ల చాయ్ తెచ్చింది, ఇచ్చింది, లోపలికి వెళ్లింది, నాకు తెలియదు. నేను మామకు (అప్పటికింకా కాలేదు) ఆయన తుపాకీ గురించే పాఠం చెబుతున్నాను. ఆయన మీసాల కింద నవ్వుకుంటూ అంతా విని, "ఇంతకు ఎన్నిసార్లు కాల్చినవ్ బిడ్డా?" అన్నాడు. బావ దగ్గాడు. "ఒక్కసారి గూడ లే" అన్నాను. "అయితే నడువు. మక్క చేన్ల కోతులు పడ్డయి" అని ఆయన తుపాకీ దించి భుజాన వేసుకున్నాడు.

మా వెనకే బావ, అమ్మ, పిల్ల తల్లి, ఆమె చాటున పిల్ల. చేను గట్టు మీద మామ తుపాకీ నా చేతిలో పెట్టి, "మొగులు దిక్కు పెట్టి ఒత్తు. సప్పుడుకే ఉరుకుతయి" అన్నాడు. సరిగ్గా అప్పుడే నాకు డ్యూటీ గుర్తొచ్చింది. బాయిలో బొగ్గు పేల్చే ముందు, అక్కడికొచ్చే దారులన్నిటికీ మనుషుల్ని కాపలా పెట్టి, కేకేసి, అందరూ చాటుకు పోయాకే మందు పేలుస్తారు. కొత్తగా నేర్చుకున్నవాణ్ని, పేల్చడానికి ఇంకో పద్ధతి ఉంటుందని తోచలేదు. బావను బండ్ల బాటకూ అమ్మను అవతలి గట్టుకూ పంపి, "ఎవ్వల్ని రానియ్యకుండ్రి" అన్నాను. గట్టిగా కేకలేశాను. (ఆ కేకలకే సగం కోతులు పోయాయి.) గొట్టాలు ఆకాశం వైపు ఎత్తి, కళ్లు మూసుకుని ఒత్తాను. టిక్. అంతే.

పేలిన మందు కన్నా పేలని మందుకే బాయిలో ఎక్కువ భయపడతాం. వెంటనే దాని దగ్గరికి పోకూడదు, ఆగాల్సిందే. "పేలలే! అందరు ఎనకకు జరుగుండ్రి!" అని అరిచి, తుపాకీని గట్టు మీద పడుకోబెట్టి, పిల్ల తల్లిని చెయ్యి పట్టుకుని ఎండిన కాలువలోకి దింపేశాను. కోపం తెచ్చుకునే వ్యవధి కూడా ఆమెకివ్వలేదు. మామను రెక్క పట్టి లాగాను. ఆయన మారుమాట లేకుండా వచ్చి కూర్చుని, "ఎంతసేపు?" అన్నాడు. బాయిలో ఎంతసేపు ఆగాలో ఆ కంగారులో మరిచిపోయి, నోటికొచ్చినట్టు "అరగంట" అన్నాను. పట్టుచీరలో అమ్మ, ఇస్త్రీ ప్యాంటులో బావ, అందరం మట్టిలో కూలబడ్డాం. మిగిలిన కోతులు తీరిగ్గా కంకులు ఒలుచుకుంటూ మమ్మల్నే చూశాయి. పక్కనుంచి మెల్లగా వినబడింది: "మీరు నన్ను సూసిన్రా ఇప్పటిదాక?" "లే" అన్నాను. "సూడుండ్రి మరి. అరగంట ఉన్నది గద." చూశాను. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత గట్టు మీది తుపాకీ వైపు నా కళ్లు మళ్లలేదు.

అరగంటయ్యాక మామ లేచి, తుపాకీ మడిచి నా కళ్ల ముందు పెట్టాడు. రెండు గొట్టాల్లోంచీ ఆకాశం కనబడింది. తూటాలు ఆయన జేబులోనే ఉన్నాయి. "గంత తెల్సినోడు ముందుగాల తెరిచి సూస్తడనుకున్న" అన్నాడు. బావ నేల చూపులు చూశాడు. సంబంధం పోయినట్టేనని నాకు ఏడుపొచ్చినంత పనైంది. పిల్ల తల్లి చీరకంటిన మట్టి దులుపుకుంటూ నన్ను చాలాసేపు చూసింది. "ఖాళీ తుపాకికే ఇంత మందిని పైలంగ జరిపినవ్. బాయిల గూడ గిట్లనే ఉంటవా?" అంది. "గిట్లనే ఉంట అత్తమ్మా." "అయితే నా బిడ్డనిస్త."

మామ ఇప్పుడు లేడు. తుపాకీ ఎప్పుడో ఠాణాకు చేరింది. నేను ఇప్పటివరకూ ఒక్క తూటా కాల్చలేదు, ఆ లోటూ లేదు. నా వయసువాళ్లలో కొందరు బాయినుంచి కుంటుకుంటూ వచ్చారు, నేను నా కాళ్ల మీద ఇంటికొస్తున్నాను; అందులో ఆ రోజు ఇచ్చిన మాట పాలు చాలానే ఉందని నమ్ముతాను. ప్రతి దసరాకూ, పెద్దలకు బంగారమని ఇచ్చే జమ్మి ఆకు అత్తమ్మ చేతిలో పెట్టి కాళ్లు మొక్కితే, ఆమె నన్ను తల నుంచి పాదాల దాకా ఒకసారి చూసుకుని, "గిట్లనే ఉన్నవ్ కొడుకా" అంటుంది. ఖాళీ తుపాకీకి జడిసి అందర్నీ కాలువలో కూర్చోబెట్టిన ఆ పిచ్చి పిల్లగాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాడికీ ఒక ఆకు ఇవ్వాలనిపిస్తుంది.