లెక్కల పేపర్లో పద్యం

లెక్కల పరీక్షలో పద్యం రాసి వచ్చిన మనిషిని నేను. ఈ ఘనకార్యం ఇన్నాళ్లూ ఇంట్లో పిల్లలకు తెలియకుండా దాచుకున్నాను. మొన్న మనవరాలు ఫోన్ చేసింది. దాని కోచింగ్ సెంటరు గోడమీద ఒక పాత పద్యం పెద్ద అక్షరాలతో వేశారట. పడితే లేవాలి, అలసినా ఆగకూడదు అనే పద్యం. "తాతయ్యా, అది చూస్తే కూర్చోడానికే భయమేస్తోంది" అంది. ఆ ముక్క విన్నప్పటినుంచి నాకూ కుదురు లేదు. పంతొమ్మిదివందల అరవైల చివర్లో నా కొంప ముంచబోయింది ఆ పద్యమే మరి.

కోటబొమ్మాళిలో మా మావయ్య తెలుగు మాస్టారు. నేను ఆయనింట్లో ఉండి, ఇప్పటి ఇంటరులాంటి పి.యు.సి. చదివేవాణ్ణి. పొద్దున్నే ఆ పద్యం పైకి చదివితేగానీ చద్దన్నం పెట్టనిచ్చేవాడు కాదు. పద్యం వస్తే ఇంకేదైనా వస్తుందని ఆయన నమ్మకం, అన్నంతోపాటు నాకూ వంటబట్టింది. లెక్కలు నన్నేనాడూ లెక్కచెయ్యలేదు గనక, మార్చి పరీక్షలో రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోయి, మిగిలిన కాగితం నిండా ఆ పద్యం రాశాను. తెలుగు మాస్టారింటి చెయ్యి కదా, ప్రతిపదార్థమూ తాత్పర్యమూ కూడా. దిద్దేవాడి గుండె కరుగుతుందనుకున్నాను. కరగలేదు.

"లెక్కల కాయితంలో తాత్పర్యమేట్రా!" అన్నాడు మావయ్య. "సెప్టెంబర్లో కూడా తప్పితే పిల్లకి పలాస సంబంధం సూస్తాను. నన్నేటీ అనకు." పిల్ల అంటే ఆయన కూతురు, పుట్టినప్పటినుంచీ నాకనుకున్న మరదలు.

ఆ వానాకాలమంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. పుస్తకం తెరిస్తే పలాస కనిపించేది, మూస్తే పద్యం వినిపించేది. ఓరోజు మరదలే వచ్చి, "బావా, పద్యం నాకొగ్గీ. నువ్వు లెక్కలు సూడు. నాను పలాస ఎల్ను" అంది. మర్నాటినుంచి అది నా గదిలో మూల కూర్చుని, గొంతు బొంగురుచేసి పద్యం చదివేది. నేను లెక్కలు చేసేవాణ్ణి. మావయ్య పెరట్లో పందుంపుల్ల నములుతూ, "ఈమజ్జ నీ గొంతు బాగుపడ్డాదిరా" అనేవాడు. మరదలు కొంగు నోట్లో కుక్కుకునేది.

సెప్టెంబరు పరీక్ష రాశాను. ఫలితాల పేపరు రైల్లో వచ్చేది. ఆ ఉదయం ప్లాట్‌ఫారం ఈ చివరినుంచి ఆ చివరికి నేను కొలుస్తుంటే పోర్టరు విసుక్కున్నాడు. "నువ్వలగ తిరిగితే రైలు బేగి వస్తాదేటి బాబూ?" రానేవచ్చింది. నా నంబరూ అందులో ఉంది.

పెళ్లయిన కొత్తలో మావయ్యకు ఆ వయసులో సైకిలు నేర్చుకోవాలని బుద్ధిపుట్టింది. వెనక పట్టుకోవడం అల్లుడి పని. మూడోరోజు నా చెయ్యి జారిందో, నేనే జార్చానో, ఆయన గట్టుమీదనుంచి ఊడ్పుమళ్లో కూలబడ్డాడు. "సెయ్యియ్యిరా!" అని అరిచాడు. నేను గట్టుమీద చేతులు కట్టుకుని నిలబడి, ఆ పద్యం మొదటినుంచి, ఎక్కడా తొందరపడకుండా అందుకున్నాను. "ఒరే, ముందు లేపరా, తరవాత సదువుకో!" అన్నాడు. ఆఖరి పాదం అయ్యాకే చెయ్యి అందించాను. కాలం ఎవరికోసమూ ఆగదంటారు గానీ, పడి ఉన్నవాడి పక్కన మాత్రం అది కాసేపు చతికిలబడే వెళుతుంది.