మేకుకే వేలాడిన టేపు

వీధంతా అతణ్ణి మాస్టారనే పిలిచేది. గుడ్డ కత్తిరించేది అతను, కుట్టేది భార్య. ఆమె రెక్కలు ముక్కలు చేసుకుని కుట్టి సంపాదించినదంతా రెండేళ్లపాటు అతను ఫోనులో పందెం కాసే రంగుల చక్రానికే పోయింది. ఒట్లకేం తక్కువ లేదు, వేసిన ప్రతి ఒట్టూ తీసి గట్టు మీద పెట్టాడు. రెండో మిషను అమ్మేసిన రోజు ఆమె ఏడవలేదు, అరవలేదు. ఫోను లాక్కుని, ఇంకొక్కసారి ఆడితే ఉన్న మిషను పట్టుకుని అక్క ఇంటికి పోతానంది.

మానేశాడు. ఎనిమిది నెలలు ఫోను ముట్టలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదన్న ఎదురు షాపు ఇస్త్రీ మనిషి కూడా నోరు మూసుకున్నాడు. పైగా మాస్టారికి చేయి భలే తిరిగింది. భార్య తన టేపుతో కొలిచి రాసిన కొలతల చీటీ చూడకుండా, గుడ్డ మీద టేపు వేయకుండా, కంటి అంచనాతోనే కత్తిరించేసేవాడు. కుట్టి తొడిగి చూసేదాకా గుండె దడదడలాడేది, సరిపోయిందని తెలిశాక ఒళ్లు తేలికయ్యేది. అదంతా పనితనమే అనుకున్నాడు పిచ్చి మారాజు.

ఒక మధ్యాహ్నం, రిటైరైన టీచరమ్మ ఒకావిడ కోటు గుడ్డ తెచ్చింది. పోయిన భర్త కొనుక్కుని కుట్టించుకోకుండానే వదిలేసిన గుడ్డ. దాంతో తనకు కోటు కుట్టమంది. జానెడు మిగులు లేదు, పోతే మళ్లీ దొరికేదీ కాదు. అలాంటి గుడ్డ చూస్తే ఎవడికైనా భయం వేయాలి. మాస్టారికి మాత్రం నోరూరింది. చీటీ బోర్లా తిప్పి పెట్టి కత్తెర వేశాడు.

భుజాల దగ్గర రెండంగుళాలు తక్కువైంది. భార్య ముక్కలు చీటీతో సరిచూసి, గోడ వైపు చూసింది. మేకుకు వేలాడుతున్న అతని టేపు మీద దుమ్ము పేరుకుని ఉంది.

"మీరు టేపు తీసి ఎన్నాళ్లయింది?"

చేయి తిరిగినవాడికి టేపెందుకని అనబోయాడు. నోటికి వేరే మాట వచ్చింది.

"తీస్తే మజా ఉండదు."

అనేశాక తన మాటకు తనే బిత్తరపోయాడు. స్టూలు మీద కూలబడ్డాడు.

"అయితే మీరు మానలేదు," అందామె.

"లేదు. నాకూ ఇప్పుడే తెలిసింది."

టీచరమ్మకు తనే వెళ్లి చెప్పాడు. నాలుగు తిట్టుంటే బతికిపోయేవాడు. ఆవిడ ముక్కలు మడత పెట్టించుకుని, ఆయనకూ ప్రాప్తం లేదు, నాకూ లేదంటూ వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే కత్తెర భార్య చేతిలో పెట్టాడు. ఆమె అక్క ఇంటికి పోలేదు, క్షమించాననీ అనలేదు. అప్పటి నుంచి కత్తిరించేది ఆమె, కుట్టేది అతను. వారానికోసారి ఆసుపత్రి వెనక గదిలో, తనలాంటి వాళ్ల మధ్య కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పుకుని వస్తాడు. జనం ఇంకా మాస్టారనే పిలుస్తారు. పిలిచినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోతాడు.

ఏడాది తిరిగాక ఆమె మణికట్టు వాచింది. దిండు గలీబు ఒక్కటీ మీరే కట్ చేయండంటూ కత్తెర ఇచ్చింది. అతను టేపు తీశాడు. రెండుసార్లు కొలిచి సుద్దతో గీత గీశాడు. కత్తెర తెరిచాడో లేదో, గీత అక్కర్లేదనిపించింది. గుండె మళ్లీ ఆ దడదడ మొదలుపెట్టింది.

కత్తెర బల్ల మీద పెట్టి ఆమె వైపు జరిపాడు.

"నువ్వే కట్ చెయ్యి. ఇంకా కొట్టుకుంటోంది."

ఆమె వాచిన చేత్తోనే కత్తెర అందుకుంది. గుడ్డ కదలకుండా అతను రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు.