మంగు మచ్చల లెక్కలో మా అక్క ఇల్లు

ఆ నెలంతా మా అక్క మంగు మచ్చల లెక్క రాసింది. ఆరోగ్య కేంద్రంలో ఆమెది ఇంటింటి సర్వే పని. ఎంతమందికి మంగు ఉందో, ఎందుకు వచ్చిందో కనుక్కోవాలి. ఎండలో ఎంతసేపు ఉంటారు? కాన్పులెన్ని? మాత్రలేమైనా మింగుతున్నారా? మీ అమ్మకు ఉందా? డాక్టరు రాయని క్రీములు పూస్తున్నారా? ఒక చేతిలో అట్ట, ఇంకో చేతిలో పెన్ను, గొడుగేమో సంచిలో భద్రంగా. ఎండలో తిరగొద్దని చెప్పడానికి ఎండలో తిరిగే ఉద్యోగం. నాకైతే ఒళ్ళు మండేది.

అక్కకూ మంగు ఉంది. కాన్పప్పుడు మొదలై రెండు బుగ్గలూ పరుచుకుంది. తలుపు తీసిన ప్రతి ఇల్లాలూ, "నీకే తగ్గలేదు, మాకేం చెబుతావమ్మా?" అనేది. అక్క నవ్వేసి తర్వాతి ప్రశ్న అడిగేది. రోజుకు ముప్పై ఇళ్ళు. అలా నవ్వడానికి కూడా ఓపిక కావాలి.

చివరి రోజు పైఅధికారిణి రెండు కాగితాలు వెనక్కిచ్చింది. "ఇవి మీ ఇంటివే, మీదొకటి, మీ అమ్మాయిదొకటి. తన సంతకం ఏది?"

తన ఇల్లే కదా, తెలియనిదేముందని అక్క ఎవర్నీ అడక్కుండానే రాసేసింది.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే, కాలేజీకి వెళ్ళే కూతురితో, "ఇక్కడో సంతకం పెట్టవే, కాళ్ళు లాగేస్తున్నాయి," అంది.

ఆ పిల్ల కాగితమంతా చదివింది. "తప్పు రాశావమ్మా. క్రీము వాడట్లేదని రాశావు."

"నీకెందుకే క్రీము? మచ్చే లేదుగా!"

"ఆర్నెల్లుగా పూసుకుంటున్నా. ఉప్పు డబ్బా వెనక దాస్తావే, ఆ ట్యూబే."

 అలాంటివి ముట్టుకోవద్దని ఊరందరికీ చెప్పి, మందుల షాపులో అక్క తనే అడిగి కొనుక్కున్న ట్యూబు అది. తొందరగా అయిపోతోందని షాపువాణ్ణి తిట్టుకుంది కూడా.

"తల్లికుంటే కూతురికీ రావచ్చని ఇంటింటికీ చెప్పేది నువ్వేగా? రాకముందే పూసుకుంటే రాదనుకున్నా."

అక్క కూతుర్ని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళింది. బుగ్గల మీద చర్మం పల్చబడి, కింద సన్నటి నరాలు ఎర్రగా కనిపిస్తున్నాయి. పిల్లకు వయసు కళ వచ్చిందని ఇన్నాళ్ళూ ఆమె మురిసిపోయింది ఆ ఎరుపు చూసే.

"మరి నీ కాగితంలో ఏం రాశావు?"

అడుగుతూనే ఆ పిల్లే రెండో కాగితం తీసి చూసింది. అక్కడా "లేదు" అనే ఉంది.

అక్క కుర్చీలో కూలబడి, పెన్ను కూతురి చేతికిచ్చింది.

"కొట్టెయ్యి," అంది. "ముందు నాది కొట్టెయ్యి."